పాలపొడి డబ్బా చెప్పేదెంత, చెప్పనిదెంత: తొలి ఏడాది శిశుపోషణ

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో చంటిబిడ్డ తల్లిని ఇరుగుపొరుగు తరచుగా అడిగే ప్రశ్న "ఏ డబ్బా పాలు పడుతున్నారు?" అన్నది. ఒక్క ప్రశ్నలా వినిపించే ఆ మాటలో నాలుగైదు వేరువేరు ప్రశ్నలు చిక్కుపడి ఉంటాయి: తల్లిపాలు నిజంగానే చాలడం లేదా, చాలకపోతే ఎంతమేరకు పోతపాలు అవసరం, ఆ పొడిని కలిపే నీళ్లు ఎలాంటివి, డబ్బా మీద ఉన్న ఒకటి, రెండు, మూడు అంకెలకు అర్థమేమిటి, ఆవుపాలు ఎప్పటి నుంచి పోయవచ్చు. వీటన్నిటిలో ఏ కంపెనీ డబ్బా అన్నది నా దృష్టిలో అన్నిటికన్నా చిన్న ప్రశ్న. అయినా మందుల దుకాణం ముందు నిలబడ్డ తండ్రి ఎక్కువసేపు ఆలోచించేది దాని గురించే.

ఇందుకు కొంతవరకు మన చట్టం కూడా కారణం. 1992లో వచ్చి 2003లో సవరణ పొందిన శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం రెండేళ్లలోపు పిల్లలకు ఉద్దేశించిన పాలపొడికి, ఆహారానికి, పాలసీసాలకు మన దేశంలో ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద బిడ్డ బొమ్మ గాని, తల్లి బొమ్మ గాని ఉండకూడదు. తల్లిపాలే ఉత్తమమన్న హెచ్చరిక ఉండి తీరాలి. కంపెనీలు వైద్యులకు, ఆస్పత్రులకు కానుకలు ఇవ్వకూడదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన అంతర్జాతీయ నియమావళి దీనికి పునాది. ఇది అవసరమైన చట్టమేనని నేను నమ్ముతాను. అయితే ప్రకటనలు లేనిచోట సమాచారం కూడా లేకపోవడంతో, ఆ ఖాళీని వాట్సాప్ గుంపులు, పక్కింటివారి అనుభవాలు, ప్రసవమైన రోజు ఆస్పత్రిలో ఎవరో తెరిచిన మొదటి డబ్బా పేరు నింపుతున్నాయి. ఆ మొదటి డబ్బాయే చాలా ఇళ్లలో ఏడాది పొడవునా కొనసాగుతుంది.

పాలపొడి కొనడానికి ఇళ్లలో చెప్పే కారణాల్లో మొదటిది "పాలు చాలడం లేదు" అన్నది. ఈ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు, అలాగని పరీక్షించకుండా ఒప్పుకోకూడదు. ప్రసవమైన తొలి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కలోనే ఉంటాయి; మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేది సుమారు 5 నుంచి 7 మిల్లీలీటర్లే కనుక ఆ కొంచెమే సరిపోతుంది. సిజేరియన్ అయినవారికి పాలు పూర్తిగా దిగడానికి మరో రోజో రెండు రోజులో ఎక్కువ పట్టవచ్చు. సరిగ్గా ఈ వ్యవధిలోనే, బిడ్డ ఏడుస్తున్నదని, బాలింత అలసిపోయిందని, చూడవచ్చిన పెద్దలు కంగారుపడుతున్నారని పోతపాలు మొదలవుతాయి. పుట్టిన తొలి రోజుల్లో బిడ్డ బరువు 7 శాతం దాకా తగ్గడం సహజం. 10 శాతం దాటితే వైద్యులు వెంటనే చూడాలి. పది నుంచి పద్నాలుగు రోజుల్లో బిడ్డ పుట్టిననాటి బరువుకు తిరిగి చేరాలి. ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా లేతరంగు మూత్రం పోస్తూ, మొదటి మూడు నెలల్లో రోజుకు సగటున 25 నుంచి 30 గ్రాముల బరువు పెరుగుతున్న బిడ్డకు పాలు చాలుతున్నట్టే. ఏడుపు ఇందుకు కొలమానం కాదు. సాయంత్రాల్లో గంటల తరబడి ఏడవడం, రొమ్ము వదలకుండా ఉండటం, రాత్రి రెండు మూడు సార్లు లేవడం ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల్లోనూ ఉంటాయి.

తొందరపడి మొదలుపెట్టిన పోతపాలతో వచ్చే చిక్కు ఏమిటంటే, అనుమానాన్ని అవి నిజం చేస్తాయి. తోడేకొద్దీ ఊరే చెలమ వంటిది పాల ఉత్పత్తి. బిడ్డ ఎంత చీకితే అంత ఊరుతుంది, డబ్బా పాలతో కడుపు నిండిన బిడ్డ ఎంతమేరకు చీకడం మానేస్తే అంతమేరకు తగ్గుతుంది. కాబట్టి మొదటి నెలలో పోతపాలు కలపవలసి వచ్చినా, ముందు రొమ్ము పట్టించి తరువాత మాత్రమే పైపాలు పట్టడం, పైపాలు పట్టిన ప్రతిసారీ తల్లి పాలు పిండడం అన్నవి ఆ తగ్గుదలను ఆపుతాయి. బిడ్డ రొమ్మును సరిగా నోట పట్టుకోకపోవడమే చాలా సందర్భాల్లో అసలు సమస్య. చనుమొన పుండు పడుతున్నా, పాలిచ్చేటప్పుడు నొప్పి తగ్గకపోయినా డబ్బా కొనేముందు ఆ పట్టును ఎవరైనా అనుభవజ్ఞులైన నర్సుకో, చనుబాల సలహాదారుకో చూపించడం మంచిది.

ఇక్కడే మన ఇళ్ల అలవాట్ల గురించి ఒక మాట చెప్పుకోవాలి. పురిటిలోనే తేనె నాకించడం, చక్కెర నీళ్లు పట్టడం, వస అరగదీసి పోయడం, గాడిదపాలు తాగించడం రాయలసీమ ఇళ్లలోనే కాదు, బెంగళూరు అపార్ట్‌మెంట్లలోనూ జరుగుతున్నాయి. వీటిలో తేనె నిజంగా ప్రమాదకరం. అందులో ఉండగల బొటులిజం క్రిమి బీజాలు ఏడాదిలోపు బిడ్డ పేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబరిచే విషాన్ని పుట్టించగలవు. గాడిదపాలు ఉబ్బసాన్ని ఆపుతాయన్న నమ్మకానికి ఆధారం లేదు. కాచకుండా పట్టే పచ్చిపాలతో మాత్రం రోగక్రిములు వెళ్లే అవకాశం ఉంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తాగే బిడ్డకు ఏప్రిల్ ఎండల్లో కూడా విడిగా నీళ్లు పట్టనవసరం లేదు.

ఉద్యోగం చేసే తల్లి విషయంలో లెక్క వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ సిఫారసు ప్రకారం పుట్టిన గంటలోపు పాలివ్వడం మొదలుపెట్టి, ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆ తరువాత ఇతర ఆహారంతో పాటు రెండేళ్లు, అంతకుమించి కొనసాగించాలి. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది, కానీ కాన్పుకు ముందు ఆరు వారాలు వాడుకున్న తల్లికి ప్రసవం తరువాత మిగిలేది 20 వారాలు, అంటే నాలుగున్నర నెలలు. సిఫారసుకు, సెలవుకు మధ్య ఉన్న ఆ నెలన్నర ఖాళీలోనే డబ్బా ఇంట్లోకి వస్తుంది. యాభైమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలు శిశుసంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లివచ్చేందుకు అనుమతించాలని అదే సవరణ చెబుతుంది. బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని గడిచే గంటలను ఏ చట్టమూ లెక్కలోకి తీసుకోలేదు. పిండిన పాలను గది వేడి 25 డిగ్రీలు దాటనప్పుడు నాలుగు గంటల వరకు, ఫ్రిజ్‌లో వెనుక భాగాన పెడితే నాలుగు రోజుల వరకు ఉంచవచ్చని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. వేసవిలోనూ, కరెంటు తరచుగా పోయే పేటల్లోనూ ఈ గడువులను ఇంకా తగ్గించుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి వేడిచేయాలే తప్ప మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. అందులో పాలు అక్కడక్కడా సలసలకాగి బిడ్డ నోరు కాలుతుంది.

నెలలు నిండకుండా, బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు తల్లిపాలు అందనప్పుడు డబ్బా కన్నా ముందు అడగవలసింది దాతల తల్లిపాలు. మన దేశంలో మొదటి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబయిలోని సయన్ ఆస్పత్రిలో మొదలైంది; బెంగళూరులో ప్రభుత్వ రంగంలోని వాణీ విలాస్ ఆస్పత్రిలోనూ ఇలాంటి బ్యాంకు ఏర్పడింది. దాతలను పరీక్షించి, సేకరించిన పాలను పాశ్చరీకరించి, ముఖ్యంగా నవజాత శిశువుల ఐసీయూలో ఉన్న పిల్లలకు ఇస్తారు. తల్లిపాలను అమ్మడం, కొనడం మాత్రం చెల్లదని 2024 మేలో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ స్పష్టం చేసింది. పరీక్ష లేకుండా పరిచయస్థుల నుంచి పాలు తెచ్చుకోవడమూ క్షేమం కాదు.

పోతపాలు తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉన్నాయి. గెలాక్టోసీమియా వంటి అరుదైన జన్యులోపం ఉన్న బిడ్డ తల్లిపాలు కూడా తాగకూడదు. క్యాన్సర్ మందులు వాడుతున్న తల్లి పాలివ్వకూడదు. దత్తత తీసుకున్న బిడ్డకు, తల్లి దూరమైన బిడ్డకు వేరే దారి ఉండదు. సాధారణ జ్వరానికి, బీపీకి, థైరాయిడ్‌కు వాడే మందుల్లో అధికభాగం పాలివ్వడానికి అడ్డు కావు; మందుల పేరు చెప్పి పాలు మాన్పించే ముందు వైద్యుణ్ని మరోసారి అడగాలి. ఈ కారణాలేవీ లేకుండానే, అన్నీ తెలుసుకున్న తరువాత, పూర్తిగానో కొంతగానో పోతపాలు ఎంచుకునే తల్లులూ ఉంటారు. ఆ నిర్ణయానికి ఆమెను నిలదీసే అధికారం చూడవచ్చిన బంధువులకు లేదని నా అభిప్రాయం. సగం తల్లిపాలు, సగం పోతపాలు అన్నది కూడా సరైన మార్గమే. తాగిన ప్రతి చుక్క తల్లిపాలకూ విలువ ఉంది.

ఇప్పుడు డబ్బా లోపలికి వెళదాం. మార్కెట్లో దొరికే ఫార్ములాల్లో, అంటే శిశువుల పాలపొడుల్లో, అత్యధికం ఆవుపాలను విడగొట్టి, తల్లిపాల కొలతలకు దగ్గరగా మళ్లీ కూర్చినవే. వంద మిల్లీలీటర్ల తల్లిపాలలో మాంసకృత్తులు ఒక గ్రాముకు అటూఇటూగా ఉంటే, ఆవుపాలలో మూడు గ్రాములకు పైగా, గేదెపాలలో నాలుగు గ్రాముల దాకా ఉంటాయి. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్ మాత్రం తల్లిపాలలోనే ఎక్కువ, సుమారు ఏడు గ్రాములు. ఆవుపాల మాంసకృత్తుల్లో 80 శాతం కేసీన్ అన్న రకం, అది బిడ్డ కడుపులో గట్టి గడ్డగా విరుగుతుంది. తల్లిపాలలో తేలికగా అరిగే వే ప్రొటీనే ఎక్కువ. అందుకే కంపెనీలు మాంసకృత్తులను తగ్గించి, వే ప్రొటీన్ వాటా పెంచి, లాక్టోజ్ కలిపి, పాలకొవ్వు స్థానంలో ఎక్కువగా వృక్షనూనెలను వాడి, ఇనుము, విటమిన్లు చేరుస్తాయి. ఆరు నెలలలోపు ఫార్ములాలో ఏ పోషకం కనీసం ఎంత, గరిష్ఠంగా ఎంత ఉండాలో 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు నిర్ణయించాయి. ఆ హద్దులకు లోబడిన చవక డబ్బాకూ ఖరీదైన డబ్బాకూ మధ్య బిడ్డ ఎదుగుదలను మార్చేంత తేడా ఉండదు.

మరి రెట్టింపు ధర దేనికి? పైస్థాయి డబ్బాల మీద డీహెచ్ఏ, ఏఆర్ఏ, ప్రీబయోటిక్, ప్రోబయోటిక్ (పేగులకు మేలుచేసే క్రిములు), హెచ్ఎంఓ అన్న అక్షరాలు కనిపిస్తాయి. డీహెచ్ఏ మెదడులోను, కంటిపొరలోను ఉండే కొవ్వు ఆమ్లం. తల్లిపాలలో సహజంగా ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2020 నుంచి శిశు ఫార్ములాలో దాన్ని తప్పనిసరి చేసింది. అయితే నెలలు నిండి పుట్టిన పిల్లల్లో డీహెచ్ఏ కలిపిన ఫార్ములా వల్ల తెలివితేటలు పెరిగినట్టు పరిశోధనలు స్థిరంగా చూపలేదు. హెచ్ఎంఓలు తల్లిపాలలోని ప్రత్యేక చక్కెరలు. అక్కడ వందకు పైగా రకాలుంటే డబ్బాలో ఉండేవి ఒకటి నుంచి నాలుగైదు. ఇవి ఉంటే నష్టం లేదు, స్తోమత ఉన్నవారు కొనవచ్చు, లేనివారు అప్పు చేసి కొనవలసినవి కావు. తల్లిపాలలోని రోగనిరోధక కణాలు, తల్లికి సోకిన క్రిములను బట్టి మారే ప్రతిరక్షకాలు మాత్రం ఏ డబ్బాలోనూ లేవు. చీటీ మీద నిజంగా చూడవలసింది పిండిపదార్థాల జాబితా: లాక్టోజ్ ప్రధానంగా ఉన్నదాన్ని తీసుకుని, సుక్రోజ్ (మామూలు చక్కెర) లేదా పిండి నుంచి తీసిన మాల్టోడెక్స్‌ట్రిన్ ముందు వరసలో ఉన్నదాన్ని వైద్య కారణం లేకుండా వదిలేయడం నా సలహా.

ప్రత్యేక ఫార్ములాల విషయంలో అయోమయం ఇంకా ఎక్కువ. బిడ్డకు గ్యాస్ అని, విరేచనం పల్చగా ఉందని సోయా పొడికో లాక్టోజ్ లేని పొడికో మారే తల్లిదండ్రులు చాలామంది. పుట్టుకతో లాక్టోజ్ అరగకపోవడం బహు అరుదు. నీళ్ల విరేచనాల తరువాత వచ్చే అరగనితనం తాత్కాలికం, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. ఆవుపాల మాంసకృత్తులు పడకపోవడం దీనికి పూర్తిగా భిన్నమైనది. మలంలో రక్తపు జీర, తగ్గని చర్మపు దద్దుర్లు (ఎగ్జిమా), ఆగని వాంతులు, పెరగని బరువు దాని గుర్తులు. అటువంటి బిడ్డకు లాక్టోజ్ తీసేసిన పాలు ఉపయోగపడవు, ఎందుకంటే తంటా మాంసకృత్తులతో. వాటిని బాగా విడగొట్టిన ఫార్ములా వైద్యుడి సలహాతో వాడాలి. మేకపాలలోనూ ఇంచుమించు అవే మాంసకృత్తులు ఉన్నందున అదీ ప్రత్యామ్నాయం కాదు.

డబ్బా మీద అంకెల సంగతి చూద్దాం. ఒకటో అంకె పుట్టినప్పటి నుంచి ఆరు నెలల వరకు, రెండోది ఆరు నెలల తరువాత, మూడోది, నాలుగోది ఏడాది దాటాక. ఒకటో రకం పోషకాలు ఏడాది నిండేదాకా సరిపోతాయి. పైఆహారం సరిగ్గా తింటున్న బిడ్డకు ఆరో నెలలో రెండో రకానికి మారవలసిన శారీరక అవసరం లేదు. ఫాలో అప్ పాలు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సభ 1986లోనే తీర్మానించింది. 2023లో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఏడాది నుంచి రెండేళ్ల వయసులో తల్లిపాలు కాకుండా ఇతర పాలు తాగే పిల్లలకు మామూలు పశువుల పాలు చాలునని, ఫాలో అప్ ఫార్ములా సిఫారసు చేయబోమని చెప్పాయి. అంకెలు పెరిగేకొద్దీ బిడ్డ తరగతి మారినట్టు అనిపించడం వ్యాపారానికి అనుకూలమైన భావన మాత్రమే.

ఆవుపాల విషయంలో నిపుణుల మధ్యే తేడా ఉంది, అది తెలుసుకోవడం మంచిది. మన శిశువైద్యులలో చాలామంది, అమెరికా శిశువైద్య అకాడమీ కూడా, ఏడాది నిండేవరకు ఆవుపాలను ప్రధాన పానీయంగా పోయవద్దంటారు. ఆవుపాలలో ఇనుము దాదాపు ఉండదు; పసిపేగుల నుంచి కంటికి కనిపించనంత రక్తం పోయేట్టు చేయగలవు; అధిక మాంసకృత్తులు, లవణాలు లేత మూత్రపిండాలకు భారం. 2023 మార్గదర్శకాలు మాత్రం ఆరు నుంచి పదకొండు నెలల మధ్య ఫార్ములా గాని, పశువుల పాలు గాని ఇవ్వవచ్చని కొంత సడలించాయి. డబ్బా కొనలేని కుటుంబాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయన్న వాస్తవం ఆ సడలింపు వెనుక ఉంది. రెండు మాటలనూ కలిపి చదివితే తేలేది ఇది: ఆరు నెలలలోపు నందిని నీలం ప్యాకెట్ పాలు గాని, ఊరి నుంచి తెప్పించిన గేదెపాలు గాని, నీళ్లు కలిపినా సరే, పనికిరావు, నీళ్లు కలిపితే మాంసకృత్తులతో పాటు శక్తి కూడా పల్చబడుతుంది. ఆరు నెలల తరువాత వాటిని పోయక తప్పని ఇంట్లో ఇనుము ఉన్న ఆహారం, ఇనుప సిరప్ తప్పకుండా ఉండాలి. పెరుగుగా, జావలో కొద్దిగా వాడటానికి ఎవరికీ అభ్యంతరం లేదు.

పేరు కన్నా నీళ్లు ముఖ్యమని నేను గట్టిగా చెప్పడానికి బెంగళూరే కారణం. ఈ నగరానికి కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎక్కివస్తాయి. 2007లో నగరంలో కలిసిన 110 గ్రామాల పరిధి, అంటే మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఎక్కువగా ఉండే మహాదేవపుర, వర్తూరు వైపు ప్రాంతాల కోసం కావేరి ఐదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. అదే సంవత్సరం మార్చిలో బోర్లు ఎండిపోయి టాంకర్ల కోసం జనం ఎదురుచూసిన సంగతి అందరికీ గుర్తుంది. ఇప్పటికీ ఎన్నో భవనాల్లో కావేరి, బోరు, టాంకరు నీళ్లు ఒకే సంపులో కలుస్తాయి. కాచడంతో క్రిములు చస్తాయి. 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కనుక ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అయినా అది చాలు. కానీ నైట్రేట్, ఫ్లోరైడ్ కాచినా పోవు. నీళ్లు ఆవిరైనకొద్దీ వాటి సాంద్రత పెరుగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నైట్రేట్ పసిబిడ్డ రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గించగలదు. ఫ్లోరైడ్ ఏంచేస్తుందో నల్గొండను చూసిన తెలుగువారికి చెప్పనవసరం లేదు. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల భూగర్భజలాల్లోనూ ఆ సమస్య ఉంది. పోతపాలు మాత్రమే తాగే బిడ్డ తన బరువుతో పోలిస్తే పెద్దవాళ్లకన్నా ఎన్నో రెట్లు నీళ్లు తాగుతుంది కనుక ఈ ప్రభావం ఆ బిడ్డ మీదే ఎక్కువ. బోరు నీళ్లు వాడే ఇల్లయితే ఒకసారి పరీక్ష చేయించడం, ఆర్ఓ యంత్రం గుండా పోయిన నీళ్లను మళ్లీ కాచి వాడటం క్షేమం. ఆర్ఓ తొట్టిలో నిలిచిన నీళ్లు గాని, ఇరవై లీటర్ల క్యాను నీళ్లు గాని క్రిమిరహితమని అనుకోవద్దు.

పొడి కూడా క్రిమిరహితం కాదన్నది చాలామందికి తెలియని విషయం. క్రోనోబాక్టర్, సాల్మొనెల్లా అన్న క్రిములు పొడిలో ఉండే అవకాశం ఉన్నందున ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన పద్ధతి ప్రకారం కాచిన నీళ్లను అరగంటకు మించి ఆరనివ్వకుండా, 70 డిగ్రీలకు తగ్గని వేడిలో పొడి కలిపి, తరువాత సీసాను చన్నీళ్లలో ఉంచి గోరువెచ్చగా చల్లార్చాలి. అనేక డబ్బాల మీద మాత్రం గోరువెచ్చని నీళ్లలో కలపమని ఉంటుంది; వేడికి ప్రోబయోటిక్ క్రిములు చస్తాయన్నది ఒక కారణం. రెండు నెలలలోపు బిడ్డకు, నెలలు నిండని బిడ్డకు నేనైతే ప్రోబయోటిక్‌ను వదులుకుని 70 డిగ్రీల మాటనే పాటిస్తాను. కలిపిన పాలను రెండు గంటల్లోపు పట్టాలి, బిడ్డ తాగగా మిగిలినవి పారబోయాలి. మిగిలిన పాలు పారబోయడానికి మన అమ్మమ్మలకు చేయి రాదు. ఈ ఒక్క విషయంలో వారిని నొప్పించక తప్పదు.

పొరపాటు జరిగే మరో చోటు కొలత. సీసాలో ముందు నీళ్లు పోసి, తరువాత డబ్బాలోని చెంచాతోనే, అంచు సమంగా గీసి పొడి వేయాలి. చాలా రకాల్లో 30 మిల్లీలీటర్లకు ఒక చెంచా, కానీ అన్నిటిలో కాదు. రకం మారిస్తే పాత చెంచా పారేయాలి. ఎక్కువ పొడి వేస్తే బలం వస్తుందనుకోవడం పొరపాటు, ఉప్పుశాతం పెరిగి బిడ్డ శరీరం ఎండుతుంది. పొదుపు కోసం పల్చగా కలిపితే బిడ్డ బరువు పెరగదు, రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ కూడా రావచ్చు. పల్చన చేయడానికి మూలం ఖర్చే. ఐదు కిలోల బిడ్డకు కిలోకు 150 మిల్లీలీటర్ల లెక్కన రోజుకు 750 మిల్లీలీటర్లు కావాలి; వంద మిల్లీలీటర్లకు 13, 14 గ్రాముల పొడి అనుకుంటే రోజుకు వంద గ్రాములు. నాలుగు వందల గ్రాముల పెట్టె నాలుగు రోజులకు అయిపోతుంది, నెలకు ఏడెనిమిది పెట్టెలు కావాలి. పెట్టె ఖరీదును ఎనిమిదితో హెచ్చవేసి, ఆ మొత్తం ఆరు నెలలు భరించగలమా అని చూసుకుని రకాన్ని ఎంచుకోవాలి. ఖరీదైనది పల్చగా పట్టడం కన్నా చవకది సరైన కొలతలో పట్టడం ఎంతో మేలు.

పై లెక్క సగటు మాత్రమే. బిడ్డ తల తిప్పుకుంటే, చీకడం ఆపితే ఆ పూటకు చాలు. సీసా ఖాళీ అయ్యేదాకా పట్టడం, సీసాను దిండుకు ఆనించి బిడ్డను ఒంటరిగా వదలడం రెండూ తగవు. పాలపీక శుభ్రం చేయడం కష్టం కనుక కొద్దిరోజుల అవసరానికైతే గిన్నెతో, చెంచాతో పట్టమని వైద్యులు చెబుతారు. మన ఇళ్లలో అటక మీద పడి ఉన్న వెండి ఉగ్గుగిన్నె కాచి శుభ్రం చేస్తే ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. ఇక్కడి ఆస్పత్రుల్లో పాలాడై పేరుతో వాడేదీ అటువంటి ముక్కు గిన్నే.

ఆరు నెలలు నిండాక పాలు ఏవైనా అవి మాత్రమే చాలవు. తల్లి గర్భంలో కూడబెట్టుకున్న ఇనుము అప్పటికి అడుగంటుతుంది, తల్లిపాలలో ఉన్నది కొద్దిగానే. అందుకే ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఇనుప సిరప్ ఇవ్వాలన్నది జాతీయ కార్యక్రమం. ఫార్ములా ఎక్కువగా తాగే బిడ్డకు అందులోనే ఇనుము ఉంటుంది కనుక మోతాదు వైద్యుణ్ని అడగాలి. మొదటి ఏడాది రోజుకు 400 యూనిట్ల విటమిన్ డి కూడా అవసరం. అన్నప్రాసన ఆరో నెలలో చేయడం మన ఆచారం, శాస్త్రం చెప్పే వయసూ ఇంచుమించు అదే. కానీ పాయసం నాకించిన మరునాటి నుంచి ఏమి పెట్టాలన్నదే ప్రశ్న. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి విసిరిన ఉగ్గు, ఇక్కడి రాగి సరి (రాగిపిండి జావ), మెత్తగా చిదిమిన పప్పన్నం నెయ్యితో మంచి ఆరంభం; చెంచా వంచితే జారిపోనంత చిక్కగా ఉండాలి. గుడ్డు, చేప, మాంసం తినే ఇళ్లలో వాటిని ఏడాది దాకా ఆపనవసరం లేదు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు రెండు మూడుసార్లు, తరువాత మూడు నాలుగుసార్లు పెట్టాలి. ఉప్పు, చక్కెర ఏడాది దాటేదాకా వద్దు. దుకాణంలో కొనే తృణధాన్యాల పొడుల మీదా చక్కెర సంగతి చూడాలి: మన దేశంలో అప్పట్లో అమ్ముతున్న సెరెలాక్‌లో అదనపు చక్కెర ఉందని, అదే కంపెనీ స్విట్జర్లాండులో అమ్ముతున్న వాటిలో లేదని 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అన్న స్విస్ సంస్థ బయటపెట్టింది.

పుట్టినరోజు దాటాక డబ్బా కొనడం ఆపవచ్చు. ప్యాకెట్ ఆవుపాలు కాచి, వెన్న తీయకుండా, గ్లాసుతోనో గిన్నెతోనో రోజుకు 400, 500 మిల్లీలీటర్లకు మించకుండా ఇవ్వాలి. అంతకుమించి తాగే బిడ్డ అన్నం తినదు, ఇనుము తగ్గి పాలిపోతుంది; ఏడాదిన్నర వయసులో రక్తహీనతతో వచ్చే పిల్లల సంగతి విచారిస్తే రోజుకు లీటరు పాలు, రాత్రి నిద్రలో సీసా అన్న సమాధానం తరచుగా వినిపిస్తుంది. తల్లిపాలు ఇస్తున్న ఇంట్లో ఈ పైపాలు కూడా అంత అవసరం కాదు. రెండేళ్ల దాకా తల్లిపాలు, మూడు పూటలా ఇంటి భోజనం, నడుమ ఒకటి రెండుసార్లు పండో, పెరుగో ఉంటే సరిపోతుంది.